రీస్టార్ట్ చేస్తే సరిపోతుందా?

న్యూజెర్సీలో శుక్రవారం రాత్రి పదకొండు గంటలు. అంటే వేసవిలో హైదరాబాదులో శనివారం ఉదయం ఎనిమిదిన్నర. ఆ వేళప్పుడు ఫోను మోగిందంటే ఎందుకో మన వృత్తిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కొన్నేళ్ళ కిందట ఒక ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేస్తున్నప్పుడు అలాంటి రాత్రి ఒకటి గడిపాను. పాలసీల వెబ్‌సైటు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. సర్వర్ రీస్టార్ట్ చేశారు. ఇరవై నిమిషాలు చక్కగా నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ రీస్టార్ట్. ఇలా నాలుగుసార్లు.

ఆ తర్వాత కాన్ఫరెన్స్ కాల్‌లో ఎవరో అడగనే అడిగారు, "ఇవాళ డిప్లాయ్ చేసిందెవరు?" అని. చేసింది హైదరాబాదు ఆఫీసులో ఏడాది కిందట చేరిన కుర్రాడు. మార్చింది ఒకే ఒక్క రిపోర్టు పేజీ. అయినా అతని కోడు వెనక్కి తీయించారు. "సారీ సార్, మళ్ళీ చెక్ చేస్తాను" అన్న అతని గొంతు నాకింకా గుర్తే. ఆ కాల్‌లో నేనూ ఉన్నాను, నోరు మెదపలేదు.

కోడు వెనక్కి తీసినా సైటు మళ్ళీ ఆగింది. అప్పటిగ్గాని థ్రెడ్ డంప్ తీద్దామని మాకెవరికీ తోచలేదు. జెస్టాక్ అన్న ఒక్క కమాండు, అంతే. ఫైలు తెరిస్తే థ్రెడ్లన్నీ వరసగా ఒకేచోట, సాకెట్ రీడ్ దగ్గర నిలబడి ఉన్నాయి. ఇంటి అడ్రసు సరైనదో కాదో చూసిపెట్టే బయటి కంపెనీ వెబ్ సర్వీసుని పిలిచి, జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ సర్వీసు కనెక్షను తీసుకుంటోంది గాని బదులివ్వటం లేదు. మా వైపు టైమౌట్ పెట్టలేదు. అప్పటి జావాతో పాటు వచ్చే జాక్స్-డబ్ల్యూఎస్ క్లయింటుకి మనంగా చెప్పకపోతే టైమౌట్ లేనట్టే, ఎంతసేపైనా కాచుకు కూచుంటుంది. రీస్టార్ట్ చేసినప్పుడల్లా కొత్త థ్రెడ్లు వచ్చేవి, ఇరవై నిమిషాల్లో అవీ అదే వరసలో చేరేవి. ఆ క్లయింటు కోడు ఆ కుర్రాడు ఉద్యోగంలో చేరకముందే రాసింది. రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

వెబ్ సర్వీసు పిలుపు తప్పినప్పుడు ముందు చూడవలసింది కోడు కాదు, మనిషి అసలే కాదు. ఇక్కణ్ణుంచి ఏం వెళ్ళింది, అక్కణ్ణుంచి ఏం వచ్చింది అన్నది చూడాలి. మన ల్యాప్‌టాప్ మీద సోప్‌యూఐలో పనిచేసినంత మాత్రాన సర్వర్ మీదా పనిచెయ్యాలని లేదు. ఫైర్‌వాల్, ప్రాక్సీ, డీఎన్ఎస్ అన్నీ అక్కడ వేరు కావచ్చు. ఆ మెషీన్ మీదికే వెళ్ళి కర్ల్‌తో పిలిచి చూడండి. అక్కడ కర్ల్ పనిచేసి, జావా ఒక్కటే సర్టిఫికెట్ నమ్మనని మొరాయిస్తే ట్రస్ట్‌స్టోర్ సంగతి చూడాలి. జావా నమ్మకాల జాబితా జావాకే సొంతం. ఎవరో పాత జేడీకే తీసేసి కొత్తది పెడితే, పాతదాని క్యాసర్ట్స్ ఫైల్లో మనం చేర్చుకున్న సర్టిఫికెట్లు దానితోపాటే పోతాయి.

500 అని కనపడగానే అవతలి సర్వర్ కూలిపోయిందని మెయిలు కొట్టేవాళ్ళున్నారు. సోప్ 1.1 ప్రకారం హెచ్‌టీటీపీ మీద ఫాల్ట్ వచ్చేదే 500తో. లోపలి ఎక్స్ఎంఎల్ చదివితే ఫలానా ఫీల్డు లేదని అది విడమరిచి చెబుతూ ఉండవచ్చు. చదవం, అదీ మన జబ్బు.

"ప్రొడక్షన్ ఆగిపోయి ఉంటే ఆధారాలు వెతుక్కుంటూ కూచోమంటావా?" అని మేనేజర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పది సెకన్ల తేడాతో మూడు థ్రెడ్ డంప్‌లు తియ్యటానికి నిమిషం చాలు. అవి తీశాకే రీస్టార్ట్ చెయ్యండి, వద్దనను. ముందే చేస్తే ఉన్న ఆధారం కాస్తా తుడిచేసినట్టే. వెబ్‌లాజిక్ లాంటి సర్వర్ అయితే, 600 సెకన్లు కదలని థ్రెడ్‌ని స్టక్ అని తనంతట తనే లాగ్‌లో రాస్తుంది. ఆ అంకె మనం మార్చుకోవచ్చు కూడా.

రెస్ట్ వచ్చాక ఇంకా సోప్ గొడవెందుకని కొత్తవాళ్ళు అంటుంటారు. బ్యాంకుల్లో, ఇన్సూరెన్సుల్లో పాత సర్వీసులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, వాటి చిక్కులు కొత్తవి పుడుతూనే ఉన్నాయి. 2018లో జావా 11 నుంచి జాక్స్-డబ్ల్యూఎస్‌ని తీసేశారు. దాంతో జావా 8 నుంచి మారినవాళ్ళకి క్లాసు దొరకలేదన్న ఎర్రర్లు వచ్చాయి. సరే కదా అని ఆ జార్లు మన వార్ ఫైల్లో పెడితే, సర్వర్ దగ్గర అవే ముందే ఉండి, ఒకే పేరున్న క్లాసు తనని తానే గుర్తుపట్టనంటుంది! ఆ పైన 2020లో జకార్తా ఈఈ 9 వచ్చి ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకి మారాయి. ఇక రెస్ట్ సంగతంటారా, జావా హెచ్‌టీటీపీ యూఆర్ఎల్ కనెక్షన్‌కి కూడా మనం పెట్టకపోతే టైమౌట్ లేదు.

ఆ సోమవారం వచ్చిన రిపోర్టులో కారణం అన్న గడిలో ఆ కుర్రాడి డిప్లాయ్‌మెంట్ నంబరే ఉంది. అది తీయించి టైమౌట్ సంగతి రాయించటానికి నాకు మూడు మెయిళ్ళు పట్టాయి.