కట్టే చేతికి కాంట్రాక్టు ఎందుకు అందదు?

తాపీ పని, సెంట్రింగ్, వెల్డింగ్, ప్లంబింగ్, రంగులు: భవన నిర్మాణంలో ఏ పనిని తీసుకున్నా మన పట్టణాలలో ముస్లిం పనివారు కనిపిస్తారు. హైదరాబాదు పాతబస్తీ మొదలుకొని కర్నూలు, నిజామాబాదు వరకు ఇదే దృశ్యం. ప్రభుత్వ పాఠశాలకు ప్రహరీ గోడ కట్టడానికి టెండరు పిలిచినప్పుడు మాత్రం ఆ గోడ కట్టగల మేస్త్రీ దరఖాస్తుదారుగా కాక, మరొకరి కింద కూలికి కుదిరినవాడుగా మిగిలిపోతున్నాడు. ఇది ఎందుకు జరుగుతోందన్న ప్రశ్నను మన సముదాయం గట్టిగా అడగలేదని మేము భావిస్తున్నాము.

చట్టం ఎవరినీ పేరు చూసి అడ్డగించడం లేదు. అడ్డగించేది కాగితం. ప్రభుత్వ శాఖలలో కాంట్రాక్టరుగా నమోదు కావాలంటే ఆర్థిక స్తోమతకు ధ్రువపత్రం, ఆదాయపు పన్ను పత్రాలు, జీఎస్టీ నమోదు కావాలి. పై తరగతులకు వెళ్లేకొద్దీ గతంలో చేసిన పనులకు అనుభవ పత్రం, సాంకేతిక సిబ్బంది కూడా అవసరమవుతారు. ఈ షరతులు అన్యాయమని మేము అనము. నాసిరకం కట్టడం కూలితే ప్రాణాలు పోతాయి కనుక అర్హతను పరీక్షించవలసిందే. అయితే ఈ పరీక్ష పనితనాన్ని కాక, పనికి సంబంధించిన కాగితాన్నే కొలుస్తున్నది.

ఆ కాగితం మేస్త్రీ వద్ద ఎందుకు లేదో చూద్దాము. పాతబస్తీలో అనేక ఇళ్లు తరతరాలుగా నోటరీ పత్రాల మీదనే చేతులు మారాయి. రిజిస్టరు పత్రం లేనిచోట నిర్మాణ అనుమతి దొరకడం కష్టం. అనుమతి లేని ఇంటికి బ్యాంకు రుణం రాదు. ఇక యజమాని రొక్కంతో, నోటిమాటతో పని చేయిస్తాడు. ఇల్లు పూర్తవుతుంది గాని, దానిని ఎవరు కట్టారో చెప్పే ఆధారం ఎక్కడా మిగలదు. అలా ముప్పై ఇళ్లు కట్టిన మేస్త్రీ కూడా అధికారి ముందు అనుభవం లేనివాడే. ఇంటికి లేని అనుమతి చివరికి కట్టినవాడికి లేని లైసెన్సుగా మారుతున్నది.

తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి అవసరం లేకుండా చేసి, ఒక్క రూపాయి రుసుముతో నమోదుకు వీలు కల్పించింది. ఇరుకు గల్లీలలో నివసించే పేదలకు ఇది మేలైన ఏర్పాటు. ఆ నమోదులో ఇల్లు కట్టిన మేస్త్రీ పేరుకు కూడా ఒక గడి చేర్చితే, అతని అనుభవానికి ప్రభుత్వ రికార్డే సాక్ష్యమవుతుంది.

రెండవ అడ్డంకి పెట్టుబడి. టెండరు వేయడానికి ధరావత్తు కట్టాలి. పని జరుగుతుండగా బిల్లులలోంచి కొంత హామీగా నిలిపివేస్తారు. రెండూ కలిపి పది శాతమే అనుకున్నా, పది లక్షల పనికి లక్ష రూపాయలు కదలకుండా పడి ఉంటాయి. బిల్లు ఆలస్యమైతే సిమెంటు దుకాణంలో అప్పు, కూలీల బాకీ అతని మెడకే చుట్టుకుంటాయి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ధరావత్తు మినహాయించే కేంద్ర ప్రభుత్వ 2012 నాటి కొనుగోలు విధానం వస్తువులు, సేవలకే పరిమితం. నిర్మాణ పనుల కాంట్రాక్టులు దాని పరిధిలోకి రావు. అందుకే మేస్త్రీ లైసెన్సున్న మరొకరి పేరు మీద పని తీసుకుంటాడు. లాభంలో వాటా ఆ పేరుకు పోతుంది, అనుభవ పత్రమూ ఆ పేరుకే చేరుతుంది.

కర్ణాటక శాసనసభ 2025 మార్చిలో ఒక సవరణ బిల్లును ఆమోదించింది. రెండు కోట్ల రూపాయల వరకు విలువైన పనులలో, ముస్లింలున్న 2బి వర్గానికి 4 శాతం కేటాయించాలన్నది అందులోని అంశం. దానిని గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. ఆ రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు, వెనుకబడిన వర్గాలలో కొన్నింటికి ఇటువంటి కేటాయింపు అంతకుముందే ఉంది. కేటాయింపు న్యాయమైన కోరికే. అయితే నమోదైన కాంట్రాక్టర్లే కొద్దిమంది అయితే, ఆ 4 శాతం కూడా ఇప్పటికే కలిగినవారికో, వారి పేరు అద్దెకు తీసుకున్నవారికో చేరుతుంది. శాతం కోసం పోరాడుతూనే తొలిమెట్టు కోసం కూడా పోరాడాలి.

తొంభై రోజులు పని చేసినవాడిని చట్టం భవన నిర్మాణ కార్మికుడిగా గుర్తిస్తుంది. ముప్పై ఏళ్లు పని చేసినవాడిని కాంట్రాక్టరుగా గుర్తించే మార్గం కూడా ఉండాలి. అట్టడుగు తరగతి నమోదుకు పని స్థలంలోనే నైపుణ్య పరీక్ష పెట్టాలి. చిన్న పనులకు ధరావత్తు బదులు మైనారిటీ ఆర్థిక సంస్థ హామీ ఇవ్వాలి. నమోదైన కాంట్రాక్టర్లలో ఏ వర్గంవారు ఎందరో ప్రభుత్వం ఏటా ప్రకటించాలి. తెలంగాణలోని 204 మైనారిటీ గురుకులాల చిన్న మరమ్మతు పనులతో దీనిని ప్రారంభించవచ్చును.

ప్రభుత్వం కదిలేలోగా మనం చేయగలిగినదీ ఉంది. ఇల్లు, దుకాణం, మదరసా, షాదీఖానా ఏది కట్టించినా మేస్త్రీకి వ్రాతపూర్వకంగా పని అప్పగించాలి. కూలి, సామగ్రి సొమ్మును బ్యాంకు ద్వారా చెల్లించాలి. పని ముగిశాక దాని విలువ, విస్తీర్ణం, తేదీలు వ్రాసి సంతకం చేసిన పత్రం ఇవ్వాలి. మసీదు కమిటీలు మొదట ఈ అలవాటు చేసుకోవాలని కోరుతున్నాము. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువకులు మన ఇళ్లలోనే ఉన్నారు; వారు తండ్రి, మామల అనుభవంతో కలిసి భాగస్వామ్య సంస్థగా నమోదైతే సాంకేతిక సిబ్బంది షరతు కూడా చాలావరకు తీరుతుంది.