రాత్రంతా మేలుకున్న మనిషికి పేరేమిటి?

సైన్యం నుంచి తిరిగొచ్చిన ఒక మనిషి. టపాకాయ పేలితే గోడవారన ముడుచుకుపోతాడు. అర్ధరాత్రి కేకపెట్టి లేస్తాడు. అతన్ని ప్రేమించిన మరో మగవాడు లైటు వేసి, మంచినీళ్లిచ్చి, ఏమీ అడగకుండా తెల్లవారేదాకా పక్కన కూర్చుంటాడు. కథలో విలన్ లేడు, ద్రోహం లేదు. ఇలాంటి ప్రేమ నవలలు ఇంగ్లీషులో చాలానే వస్తున్నాయి. రాసేవాళ్లలో, చదివేవాళ్లలో స్త్రీలు ఎందరో ఉన్నారు. గొడవే లేని కథ మీద సంపాదకీయం దేనికి? గొడవంతా కథ బయట ఉంది కనుక.

మన దేశంలో సైనికుడి స్వలింగ ప్రేమను తెరమీద చూపడానికే అనుమతి దొరకలేదు. సైన్యం వదిలిపెట్టిన మేజర్ జె. సురేష్ తాను స్వలింగ ప్రేమికుణ్ణని 2020లో బహిరంగంగా చెప్పారు. ఆ స్ఫూర్తితో దర్శకుడు ఓనిర్ రాసిన స్క్రిప్టుకు 2022లో రక్షణ మంత్రిత్వ శాఖ నిరభ్యంతర పత్రం నిరాకరించింది. కాశ్మీర్‌లో సైనికుడికీ స్థానిక యువకుడికీ మధ్య ప్రేమను చూపితే సైన్యానికి చెడ్డపేరు వస్తుందనీ, భద్రతకు ఇబ్బంది అనీ ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. తుపాకీ ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ప్రేమలో అధికారం సంగతేమిటని అడిగి ఉంటే అది న్యాయమైన ప్రశ్నే. ప్రభుత్వం మాట్లాడింది పరువు గురించి. పరువు పేరుతో ఎవరి నోరు నొక్కుతారో ఆడవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో స్వలింగ ప్రేమను మానసిక రోగాల జాబితా నుంచి తీసేసింది. యుద్ధం, అత్యాచారం వంటివి మనసుకు చేసే గాయాన్ని పి.టి.ఎస్.డి. అనే పేరుతో 1980లో అదే జాబితాలో చేర్చింది. ప్రేమించడం రోగం కాదనీ, హింసే మనిషిని రోగిని చేస్తుందనీ వైద్యం ఒప్పుకోవడానికి అంత కాలం పట్టింది. దీని వెనుక వియత్నాం యుద్ధ సైనికుల, స్వలింగ ప్రేమికుల, అత్యాచార బాధితులతో పనిచేసిన స్త్రీవాదుల పోరాటాలున్నాయి. అయినా 2011 వరకు అమెరికా సైన్యం స్వలింగ ప్రేమికులను బయటికి పంపుతూనే ఉంది. అలా 'గౌరవం లేని' ముద్రతో వెళ్లిన ఎంతోమందికి మాజీ సైనికుల వైద్యం కూడా అందలేదు. గాయం చేసింది యుద్ధం, శిక్ష పడింది ప్రేమకు.

మన సుప్రీంకోర్టు 2018లో ఈ ప్రేమను నేరం కాదంది. మరుసటి ఏడాదే, సైన్యంలో దీన్ని అనుమతించబోమని అప్పటి సైన్యాధిపతి ప్రకటించారు. 2023 అక్టోబరులో స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. పదేళ్లు కలిసి బతికినా, రాత్రులు మేలుకున్నా, ఆ రెండో మనిషికి కుటుంబ పెన్షన్ లేదు. చట్టం దృష్టిలో అతను ఎవరూ కాడు.

ఈ నవలలతో మనకొక పేచీ ఉంది. ప్రేమే గాయాన్ని మాన్పుతుందని అవి చాలాసార్లు నమ్మిస్తాయి. ఈ నమ్మకం భారం మోసింది ఆడవాళ్లే. 'నువ్వు ఓపికపడితే అతనే మారతాడు' అని ఎందరు సైనికుల భార్యలకు చెప్పలేదు? మగాడు ఏడవకూడదన్న నీతి ఒక ఇంట్లో భార్య మీద దెబ్బగా పడుతుంది, ఇంకో ఇంట్లో ఇద్దరు మగవాళ్ల నోరు మూయిస్తుంది. ప్రేమ తోడుంటుంది, అంతే. వైద్యం చేయాల్సింది వైద్యులు, ఆ ఖర్చు భరించాల్సింది ప్రభుత్వం.

కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసే మిత్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం మేజరైన ఎవరైనా తమకు నచ్చిన మనిషిని ప్రతినిధిగా నియమించుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు, ఆ మనిషి కూడా లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. బంధువే కానక్కర్లేదు. లైంగికత కారణంగా వైద్యంలో వివక్ష చూపరాదని 18వ సెక్షన్ చెబుతోంది. భర్తను వదిలి స్నేహితురాలితో ఉంటున్న స్త్రీకి కూడా ఈ కాగితం పనికొస్తుంది.

ఇది పెళ్లి హక్కుకు బదులు కాదు, పెన్షన్‌కూ బదులు కాదు. వాటికోసం పోరాడాల్సిందే. ఈలోగా ఆస్పత్రి గుమ్మం దగ్గర 'నువ్వు ఇతనికి ఏమవుతావు?' అని ఎవరైనా అడిగితే చూపించడానికి చేతిలో ఒక కాగితమైనా ఉండాలి. ఆ కాగితం రాయించే పని మనం ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.