ట్రైలర్ ఎక్కడుందో ఉపగ్రహానికి తెలియదు

అమెరికా హైవేల మీద మన కారు పక్కనుంచి దూసుకుపోయే పొడవాటి ట్రక్కు నిజానికి రెండు బండ్లు. ముందు ఇంజిన్ ఉన్నదాన్ని ఇక్కడ ట్రాక్టర్ అంటారు. మన పొలాల్లో తిరిగేది కాదు లెండి. వెనకాల తగిలించిన పెట్టె ట్రైలర్, సాధారణంగా 53 అడుగులుంటుంది. చాలాసార్లు డ్రైవరు ట్రైలర్‌ని యార్డులో విడిచిపెట్టి, ట్రాక్టర్‌తో ఇంకో పనికి వెళ్ళిపోతాడు. దొంగలకి కావలసింది ఆ సమయమే. తమ ట్రాక్టర్ తెచ్చి తగిలించుకుని లాక్కుపోతే, చూసేవాళ్ళకి అది రోజూ జరిగే పనిలాగే కనిపిస్తుంది. మూడు రోజుల వారాంతమైతే మంగళవారం దాకా ఎవరికీ తెలియకపోవచ్చు.

ఇది మనకెందుకంటారా? ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్ళేటప్పుడు మన పెళ్ళి చీరలు, అత్తగారిచ్చిన ఇత్తడి సామాను, పిల్లల ఆల్బమ్‌లు ప్రయాణం చేసేది చాలాసార్లు అలాంటి పెట్టెలోనే.

"జీపీఎస్ ఉందండీ, భయం లేదు" అంటే మనం ఊరట పడిపోతాం. పైనుంచి ఉపగ్రహం మన సామానుని కనిపెట్టుకుని ఉంటుందనుకుంటాం. అలా ఉండదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ టైమెంతో, తామెక్కడున్నాయో చెబుతూ ఉంటాయి, అంతే. ట్రైలర్‌లోని చిన్న పరికరం రేడియోలా ఆ సంకేతాలు వింటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది.

లెక్క కడితే సరిపోదు, ఆ కబురు యజమానికి చేరాలి. మామూలుగా సెల్ నెట్‌వర్క్ ద్వారా పంపుతుంది. టవర్లు లేని ఎడారి దారుల్లో ఇరిడియం లాంటి సమాచార ఉపగ్రహాలు కావాలి. ఇక కరెంటు సంగతి. ట్రాక్టర్ విప్పేశాక బ్యాటరీ, కొన్నిటికి పైకప్పు మీది సోలార్ పలక, అవే ఆధారం. బ్యాటరీ ఆదా కోసం ఆగి ఉన్నప్పుడు రోజుకి ఒకటి రెండుసార్లే కబురు పంపేలా పెట్టేవాళ్ళున్నారు. అందుకే కదలగానే నిద్రలేపే సెన్సార్, యార్డు గీత దాటితే ఫోన్‌కి హెచ్చరిక, తలుపు తెరిస్తే చెప్పే సెన్సార్ ముఖ్యం. తలుపు సెన్సార్ లేకపోతే దొంగలు సామాను దింపేసుకున్నా మ్యాప్ మీద చుక్క నిశ్చింతగా అక్కడే ఉంటుంది.

జీపీఎస్ సంకేతం చాలా బలహీనం. జామర్‌తో నొక్కేయవచ్చు. తన కంపెనీకి కనబడకూడదని న్యూజెర్సీలో ఒక డ్రైవర్ జామర్ వాడితే, నెవార్క్ విమానాశ్రయంలోని పరికరాలకే అంతరాయం కలిగింది. 2013లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అతనికి దాదాపు 32 వేల డాలర్ల జరిమానా వేసింది. అందువల్ల ఎప్పుడూ వచ్చే కబురు ఆగిపోవడాన్ని కూడా హెచ్చరికగానే చూడాలి.

ఈసారి ఇల్లు మారేటప్పుడు మూవర్లని నాలుగు ప్రశ్నలు అడగండి. ట్రాకర్ ట్రాక్టర్‌కా, ట్రైలర్‌కా? రాత్రిపూట ట్రైలర్ ఎక్కడ ఆపుతారు? తలుపు తెరిస్తే తెలుస్తుందా? అర్ధరాత్రి హెచ్చరిక వస్తే ఫోన్ చూసేదెవరు? నాలుగో ప్రశ్నకి జవాబు లేకపోతే మిగతా మూడూ ఉన్నా పెద్ద లాభం లేదు.

ట్రైలర్ నంబరు, ప్లేట్ నంబరు ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి. ఏదైనా జరిగితే ఆ వివరాలు పోలీసులకి ఇవ్వండి, మ్యాప్ చూసుకుంటూ మీరు మాత్రం వెళ్ళకండి. నగలు, పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు మాత్రం ఏ ట్రైలర్‌కీ అప్పగించకండి. అవి మీ చేతి సంచీలోనే ఉండాలి.