ఇంజను విప్పుకునే హక్కు రైతుకు ఉండాలి

కాలువ చివరి భూములకు వంతు నీరు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో చెప్పలేని పరిస్థితి. మురుగు కాలువలోని నీళ్లు తోడి పొలానికి పెట్టాలంటే ఆయిలింజనే దిక్కు. వరి పొట్ట దశలో ఉండగా ఆ ఇంజను మొరాయిస్తే వారం రోజులు ఆగే పని కాదు. ఆ దశలో తడి తప్పితే తాలు ఎంత పెరుగుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. అలాంటప్పుడు ఇంజనును మూలకూర్చోబెట్టే వాటిలో వాల్వు స్ప్రింగు ఒకటి. పిడికిట్లో ఇమిడే తీగచుట్ట. చాలాసార్లు దాని ధర కన్నా ఇంజనును టౌనుకు తీసుకెళ్లే ఆటో కిరాయే ఎక్కువ.

స్ప్రింగు విరిగినా, పట్టు తగ్గినా వాల్వు సరిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది. ఇంజను స్టార్టు కాదు, అయినా లోడు లాగదు. రాకరు దగ్గర టకటకమని చప్పుడు వస్తుంది. ఈ పూటకు నడిపేద్దామనుకుంటే వాల్వు జారి పిస్టనును పగలగొడుతుంది. అందుకని ముందు ఇంజను ఆపాలి.

ఈ పనిని మన ఊళ్లలో రైతులూ, ఊరి మెకానిక్కులూ ఇంటి దగ్గరే చేసుకుంటూ వచ్చారు. ఒంటి సిలిండరు ఆయిలింజనైతే హెడ్డు విప్పి చెక్క మీద పెట్టుకుని చేయడమే మేలు. కొత్త హెడ్ గాస్కెట్ దగ్గర ఉంచుకోవాలి. ట్రాక్టరుకైతే చాలా రకాల్లో హెడ్డు దించకుండానే చేయవచ్చు. ఏ సిలిండరు పని చూస్తున్నామో దాని పిస్టనును పూర్తిగా పైకి తేవాలి. డీజిల్ ఇంజన్లలో అప్పుడు పిస్టనుకూ హెడ్డుకూ మధ్య సందు చాలా తక్కువ కాబట్టి వాల్వు లోపలికి పడిపోకుండా పిస్టను మీదే ఆగుతుంది. ఆ తర్వాత ఫ్లైవీలు కదలకూడదు. కదిలిందా, వాల్వు సిలిండరులోకి జారుతుంది, హెడ్డు దించక తప్పదు. పుష్ రాడ్ల రంధ్రాలను శుభ్రమైన గుడ్డతో మూయడం మరవద్దు. గోరంత లాకు ఒకటి జారి ఆయిల్ చాంబరులో పడితే అరగంట పని రెండు రోజుల పని అవుతుంది.

అసలు ప్రమాదం స్ప్రింగును నొక్కే చోట ఉంది. పైపు ముక్క పెట్టి సుత్తితో కొట్టి లాకులు ఊడగొట్టేవాళ్లను మేము చూశాము. నొక్కి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా వదులైతే లాకు ఎగిరి కంట్లో పడుతుంది. స్ప్రింగు కంప్రెసర్ అనే పనిముట్టు ఉన్నది ఇందుకే. కళ్లద్దాలు పెట్టుకుని, దానితో నిదానంగా నొక్కి, లాకులను అయస్కాంతంతో తీయాలి. కొత్త స్ప్రింగుకు ఒక కొసన చుట్లు దగ్గరగా ఉంటే ఆ కొస హెడ్డు వైపు ఉండాలి. బిగించేటప్పుడు లాకులకు కాస్త గ్రీజు రాస్తే చోటులో నిలుస్తాయి. చివర కంపెనీ పుస్తకంలో ఉన్న కొలత ప్రకారం టాపెట్ గ్యాపు పెట్టి, చేత్తో రెండు చుట్లు తిప్పి చూశాకే స్టార్టు చేయాలి.

ఆ పుస్తకం ఎక్కడుంది? బండితో ఇచ్చేది ఆయిలు ఎప్పుడు మార్చాలో చెప్పే చిన్న పుస్తకం. విప్పి బిగించే వివరాలున్న మాన్యువల్ డీలరు బీరువా దాటి రాదు. అది తెలుగులో ఉండటమనేది ఇక అడగనే అక్కరలేదు. బయట చేయిస్తే వారంటీ పోతుందని బెదిరింపు ఒకటి. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు అమలయ్యాక కామన్ రైల్ ఇంజన్లు, సెన్సర్లు వచ్చాయి. పొగ తగ్గడం మంచిదే. కానీ లోపమేమిటో తెలుసుకోవాలంటే కంపెనీ స్కానరే కావాలన్నప్పుడు, బండి రైతుది, తాళం మాత్రం కంపెనీది.

నాసిరకం స్పేర్లు, అరకొర పనితనం ప్రమాదమని కంపెనీలు అంటున్నాయి. అందులో కొంత నిజముంది. దానికి మందు సమాచారం దాచడం కాదు, ఇవ్వడం. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసి, వ్యవసాయ యంత్రాల విడిభాగాలు, పనిముట్లు, మాన్యువళ్లు రైతులకు ఇవ్వాల్సిందేనని 2024 జనవరి నుంచి అమలు చేస్తోంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. కమిటీ ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచారు. పోర్టల్‌లో కంపెనీ తనకు ఇష్టమైనంత చెబుతుంది. పొలం గట్టున ఇంజను విప్పుకుని కూర్చున్న రైతుకు కావలసింది, అడిగితే ఇచ్చి తీరాలనే చట్టం.

మరమ్మతు మాన్యువళ్లు తెలుగులో ఇవ్వాలని, స్పేర్ల ధరలు డీలరు దుకాణంలో బోర్డు మీద రాయాలని, ఊరి మెకానిక్కు చేయి వేశాడన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయరాదని మేము డిమాండ్ చేస్తున్నాము. ప్రతి సహకార సంఘంలో ఒక స్ప్రింగు కంప్రెసర్, ఫిల్లర్ గేజి, టార్క్ రెంచి ఉంచి సభ్యులకు అద్దెకు ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కరలేదు. దాళ్వా నాట్లు మొదలయ్యేలోగా ఈ విషయం సంఘాల మహాజన సభల్లో పెట్టాలని మండల కమిటీలను కోరుతున్నాము. పాత మెకానిక్కులు ఒక పూట వచ్చి పని చూపిస్తామంటే, విప్పడానికి ఒక పాత ఇంజను మేము తెచ్చిపెడతాము.