పొయ్యి లేని బట్టీ

ఇంట పులియబెట్టిన బీరును ఫ్రీజరులో గడ్డకట్టించి, మంచును తీసివైచి, మిగిలిన చిక్కని ద్రవమును త్రాగుట ఒక నాగరిక వినోదమే గాని సారా కాచుట కాదను వాదమొకటి, పొగ లేదు, మంట లేదు, ఊట వాసన వీధి కెక్కదు అను ధైర్యముతో, చదువుకొన్న యువకుల నోట వినవచ్చుచున్నది.

మే మాసపు టెండ 45 డిగ్రీలను తాకు మన గన్నవరమున పుట్టదగిన విద్య కాదిది. బవేరియాలోని కుల్మ్‌బాక్ పట్టణము ‘ఐస్‌బాక్’ బీరుకు పేరుగాంచినది; వలసకాలపు అమెరికా రైతులు ఆపిల్ మద్యమును శీతకాలపు రాత్రుల ఆరుబయట నుంచి చిక్కబరచెడివారు; స్కాట్లండులోని బ్రూడాగ్ సంస్థ 2009లో 32 శాతము, మరుసటియేడు 41 శాతము మద్యసారము గల బీరుల నీ మార్గముననే వెలువరించినది. నేడు ఆ చలికాలమును మనము కరెంటుతో ఇంటికి తెచ్చుకొంటిమి.

ఇందలి సూత్రము సులభము. నీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టును. మద్యసారము సున్నకు దిగువ 114 డిగ్రీల దాక ద్రవముగనే యుండును. కావున సున్నకు 18 డిగ్రీల దిగువన నుండు ఇంటి ఫ్రీజరు బీరులోని నీటిని మంచుగా వేరుచేయగలదే గాని సారమును గడ్డకట్టింపజాలదు. 650 మిల్లీలీటర్ల అయిదు శాతపు బీరులో సుమారు 32 మిల్లీలీటర్ల సారముండగా, మంచులో చిక్కిన కొంచెము పోను, తక్కినదంతయు ఒక్క 200 మిల్లీలీటర్ల గ్లాసులో కుదురుకొనును. గ్లాసుల లెక్కన త్రాగువాడు ఒక్క గ్లాసే త్రాగితి ననుకొనును. లోనికి పోయినది సీసాడు!

మిథనాల్ వలన కన్నులు పోవునను భయ మిచట కొంత అస్థానము: ధాన్యపు బీరులో అది అత్యల్పము, కల్తీసారా దుర్ఘటనలలో పెక్కింటికి మూలము పరిశ్రమల నుండి తెచ్చి కలిపిన మిథనాలే. అయినను బట్టీవాడు తలచినచో మొదటి చుక్కలను పారబోయగలడు. మంచు మార్గమున నట్టి వెసులుబాటు లేదు, పులియుటలో పుట్టిన మలినములు సైతము సారముతో పాటు చిక్కబడును.

1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము లైసెన్సు లేని మద్యోత్పత్తిని నేరముగా నెంచును. నిప్పుకొక న్యాయము, మంచుకొక న్యాయమని అందు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినప్పుడు, అది ఎట్లు తయారైనదని వారడుగలేదు. ఇంటికి వచ్చు కూలి డబ్బు లేమైనవని అడిగిరి. ఆ యుద్యమ ఫలితముగనే 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. రెండవది 1997లో సడలినది.

డెల్టా పల్లెలలో బెల్లపు ఊటను నేలపాలు చేయు అధికారుల చేయి, అపార్టుమెంటులోని ఫ్రీజరు తలుపును తాకుట అరుదు. ఇంటింటి తలుపు తట్టుడని నేననను. అది తగదు కూడ. నాటుసారాకు వ్యతిరేకముగా సాగించు ప్రచారమున ఈ పద్ధతిని సైతము పేరుపెట్టి చెప్పవలెననియు, నేరమని తెలియక చేయువారికి ముందుగనే తెలుపవలెననియు ఎక్సైజు శాఖవారికి నా విన్నపము.