పదహారు అంకెలు, రెండు పేర్లు

పోయిన ఆదివారం సాయంత్రం ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసింది. ఆమె పేరు చెప్పను, యూనివర్సిటీ చెప్పను. ఎందుకో చదువుతుంటే మీకే అర్థమవుతుంది.

"అన్నా, మా గైడ్ గారు ఆర్కిడ్ ఐడీ తీసుకోమన్నారు. ఫారం సగం నింపాను. ఇక్కడ 'ఇతర పేర్లు' అని ఒక గడి ఉంది. ఏం రాయమంటావ్?"

"ఇంకో పేరుంటే రాయి, లేకపోతే వదిలెయ్" అన్నాను తేలిగ్గా.

అవతల కాసేపు మాట లేదు. "ఉందన్నా. అదే కదా భయం" అంది.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఈ వారం వేరే విషయం రాద్దామనుకున్నవాణ్ణి దీని గురించి రాస్తున్నాను.

ముందు ఆర్కిడ్ అంటే తెలియని తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ. ఇది పువ్వు కాదు. పరిశోధకులకిచ్చే పదహారు అంకెల నంబరు. 2012 అక్టోబరులో మొదలైంది. నడిపేది లాభాపేక్ష లేని ఒక అంతర్జాతీయ సంస్థ. మనకి ఉచితం, ఖర్చు భరించేది సభ్య సంస్థలు. ఒకే పేరున్న వందమందిని విడదీయడం, ఒకే మనిషి నాలుగు రకాలుగా రాసుకున్న పేర్లను ఒక్కచోట కలపడం దాని పని. నాలుగేసి అంకెల చొప్పున నాలుగు గుంపులు. చివరిది మిగతా పదిహేనింటికీ కాపలా. ఎక్కడన్నా ఒక అంకె తప్పు కొడితే లెక్క తప్పి దొరికిపోతుంది. ఆ చివరి చోట కొన్నిసార్లు అంకె బదులు ఎక్స్ అక్షరం కూడా ఉంటుంది.

2016 జనవరిలో రాయల్ సొసైటీ, ప్లోస్, ఐఈఈఈ లాంటి ప్రచురణ సంస్థలు కొన్ని కలిసి, వ్యాసం పంపేవాళ్ళకి ఈ నంబరు తప్పనిసరి చేస్తామని ప్రకటించాయి. ఇప్పుడు మన కాలేజీల్లో కూడా బయోడేటా ఫార్మాట్లలో దీనికో వరస పెడుతున్నారు. స్కోపస్ ఐడీ, గూగుల్ స్కాలర్, విద్వాన్ ప్రొఫైల్, వాటి పక్కన ఇది. లేదంటే "అప్‌డేట్ కాలేదా సార్?" అన్నట్టు చూస్తారు.

మీకో తమాషా చెప్పాలి. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళకి జోసయా కార్బెర్రీ అని ఒక ప్రొఫెసర్ ఉన్నాడు. ఉన్నాడంటే నిజంగా లేడు. 1929లో ఎవరో సరదాకి నోటీసు బోర్డు మీద పుట్టించిన మనిషి. ఆయన శాస్త్రం పేరు సైకోసెరామిక్స్, అంటే పగిలిన కుండల అధ్యయనమట. ఆ లేని మనిషికి కూడా ఆర్కిడ్ నంబరుంది, నమూనాగా చూపించడానికి ఇచ్చారు.

నేను కూడా నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. మన తాతల మూతికి ముంత కట్టించిన దేశం ఇది. ఆ ముంతల మీద రాసేవాళ్ళం మనం. పుట్టని ప్రొఫెసర్‌కి పేరు దగ్గర ఏ ఇబ్బందీ లేదు. పుట్టి, చదివి, రాసినవాళ్ళకే ఉంది.

నా సంగతే చెబుతాను. పదో తరగతి సర్టిఫికెట్లో మా హెడ్మాస్టరు నా ఇంటిపేరును ఇంగ్లీషులో ఒక అక్షరం తక్కువ చేసి రాశాడు. డాక్టరేట్ పట్టాలో అది పొడి అక్షరమైంది. ఒక పత్రిక పొడి అక్షరం కూడా తీసేసి ఒట్టి పేరు వేసింది. ఇంకో పత్రిక పేరును ఇంటిపేరు చేసి తిరగేసింది. కొన్నేళ్ళ కింద ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో నా మూడు వ్యాసాలు పక్కన పెట్టారు. "ఇవి మీవేనని రుజువేంటి?" అన్నాడు ఒక పెద్దమనిషి. రెండో ప్రశ్న, "అసలు మీ పూర్తి పేరేంటి?"

మన దగ్గర పూర్తి పేరు అడగడమంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? ఇంటిపేరు తెలిస్తే పేట తెలుస్తుంది. పేట తెలిస్తే ఇంటర్వ్యూ అయిపోతుంది. అందుకే మనలో కొందరు ఇంటిపేరు వదిలేస్తారు, కొందరు అమ్మ పేరు తగిలించుకుంటారు, కొందరు కావాలనే ఇంటిపేరును ఇంత పెద్ద అక్షరాలతో రాస్తారు. మూడూ ఒకే అవమానానికి మూడు జవాబులు.

ఆర్కిడ్‌లో నాకు నచ్చింది ఇక్కడే. ఆ ఫారంలో కులం అడగరు, మతం అడగరు. ఇంటిపేరు కూడా తప్పనిసరి కాదు, ఒట్టి పేరు చాలు. నంబరులో దేశం, కాలేజీ లాంటి జాడలేమీ ఉండవు. రేపు పేరు మార్చుకున్నా నంబరు మారదు. పెళ్ళయ్యాక పేరు మారిన అమ్మాయి పాత వ్యాసాలూ పోవు. నా మూడు వ్యాసాలూ ఇప్పుడు అక్కడ నా కిందే ఉన్నాయి. ఈ నంబరు ఆరోజు ఉండి ఉంటే ఆ పెద్దమనిషి మొదటి ప్రశ్నకి జవాబు దొరికేది. రెండో ప్రశ్నకి దొరికేది కాదు.

ఇక ఆ చెల్లి భయం. కోస్తాలో మన పేటల్లో పుట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఇంట్లో, చర్చిలో ఒక పేరు. బడి రిజిస్టర్లో, కుల సర్టిఫికెట్లో ఇంకో పేరు. ఇది మోసం అని తీర్పు చెప్పేవాళ్ళున్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా చదవమనండి. ఎస్సీ అంటే హిందువే అని రాశారు. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్నీ ముస్లింలనీ కలపలేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ, వాటా ఒక శాతం. చర్చికి వెళ్ళినంత మాత్రాన మాలపల్లె, మాదిగపల్లె ఊరి మధ్యకి జరగలేదు కదా! అంటరానితనం మతం మారినా వెంట వచ్చింది, రక్షణ మాత్రం రాలేదు. రెండు పేర్లు పుట్టించింది మన అమ్మానాన్నలు కాదు, ఆ పేరా.

ఆ చెల్లి తన మొదటి వ్యాసాలు చర్చి పేరుతో రాసింది. పీహెచ్‌డీ సర్టిఫికెట్ పేరుతో చేస్తోంది. రెండూ ఒక నంబరు కింద చేరితే, గిట్టనివాడు ఎవడన్నా ఒక అర్జీ పెడితే? రోహిత్ వేముల 2016లో చనిపోయాక కూడా అతను ఎస్సీనా కాదా అని ఏళ్ళ తరబడి విచారణలు నడిపిన వ్యవస్థ ఇది. ఆమె భయం ఊహ కాదు.

విజ్ఞాన ప్రపంచం దృష్టిలో రెండు పేర్లు ఒక సాంకేతిక సమస్య, కలిపేస్తే తీరిపోతుంది. మనకి ఆ రెండు పేర్ల మధ్య ఉన్న ఖాళీలోనే ఒక స్కాలర్‌షిప్పు, ఒక సీటు, ఒక ఇల్లు నిలబడి ఉంటాయి. కాబట్టి నా అభిప్రాయం ఇది. నంబరు తీసుకోండి. కానీ ఏం కలపాలో, ఏం కలపకూడదో నిర్ణయించేది మీరే. గైడ్ కాదు, కాలేజీ కాదు.

కొన్ని పనిమాటలు. మీ నంబరు మీరే తీసుకోండి, ఆఫీసు వాళ్ళ చేత తీయించి పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గర పెట్టకండి. కాలేజీ మెయిల్ ఒక్కటే ఇస్తే, కాలేజీ వదిలిన రోజు తాళం పోయినట్టే. సొంత మెయిల్ కూడా జత చేయండి. పొరపాటున రెండు నంబర్లు తీసుకుంటే కంగారు పడకండి, ఒకదాంట్లో కలిపే వీలుంది. ప్రతి వివరానికీ మూడు తలుపులుంటాయి: అందరికీ, మీరు అనుమతించిన సంస్థలకి, మీ ఒక్కరికే. 'ఇతర పేర్లు' గడికి కూడా ఇదే వర్తిస్తుంది. అయితే ఒక జాగ్రత్త. పేరు దాచి, ఆ పేరుతో అచ్చయిన వ్యాసాన్ని జాబితాలో అందరికీ కనపడేలా పెడితే దాచి లాభం లేదు. అసలు ఎక్కడా ఉండకూడదనుకున్నది ఎక్కడా రాయకండి.

మన రచనలు చేత్తో ఎక్కించండి. డీఓఐ ఉన్న వ్యాసాలు, పంపేటప్పుడు నంబరు ఇచ్చి అనుమతిస్తే, చాలావరకు వాటంతటవే వచ్చి చేరతాయి. మన సాహిత్యం ఎక్కువగా అలా రాలేదు. 1995 నాటి 'చిక్కనవుతున్న పాట' గానీ, గోగు శ్యామల 2003లో తెచ్చిన 'నల్లపొద్దు' గానీ దళిత సాహిత్య పరిశోధనకి పునాదులు. చిన్న పత్రికలు, సభల సావనీర్లు, కరపత్రాలు కూడా అంతే. డీఓఐ లేని రచనని ఆర్కిడ్‌లో మనమే నమోదు చేసుకోవచ్చు, తెలుగు అక్షరాల్లోనే. చేయండి. మీరు ఎక్కించకపోతే రేపు లెక్కలు తీసేవాడికి మీరు ఏమీ రాయనట్టే.

"ఇదంతా ఇంకో ఆధార్ కాదా అన్నా?" అని అడిగే తమ్ముళ్ళున్నారు. అనుమానం మంచిదే. ఇది ప్రభుత్వం ఇచ్చేది కాదు, వేలిముద్ర అడగదు. కానీ కాలేజీ యాజమాన్యం చేతిలో ఏ నంబరైనా కొలబద్ద అవుతుంది. నంబరు లేదని వ్యాసం చదవకపోవడం ఒక అన్యాయమైతే, నంబరు ఉంది కదా అని వ్యాసం చదవకుండా లెక్కబెట్టడం ఇంకో అన్యాయం. రెండింటినీ నిలదీయాలి.

నంబరు కులాన్ని నిర్మూలించదు. ఆ పని మూడో పేరా మీద పోరాడితే, ఇంటర్వ్యూ గదుల్లో మన మనుషులు కూర్చుంటే మొదలవుతుంది. నంబరు చేసే సాయం చిన్నది: మీరు రాసింది మీదే అని చెబుతుంది. రాసింది మనదని చెప్పుకోవడానికే తరాలు పట్టిన జాతికి ఆ చిన్న సాయం చేదు కాదు.

నిన్న ఆ చెల్లి మళ్ళీ ఫోన్ చేసింది. నంబరు వచ్చిందట. 'ఇతర పేర్లు' గడి ఖాళీగా వదిలేసిందట. చర్చి పేరుతో అచ్చయిన రెండు వ్యాసాలూ బయటే ఉండిపోయాయి. "పర్లేదన్నా, ఉద్యోగం వచ్చాక కలుపుకుంటా" అంది. నేను సరే అన్నాను. వచ్చాక కూడా కలుపుకోగలదో లేదో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రెండు వ్యాసాలూ నేను చదివాను. చాలా బాగున్నాయి. ఎవరివో చెప్పలేను.

జై భీమ్.