స్కానింగులో ఏమీ లేదట!

"స్కానింగులో ఏమీ లేదమ్మా, అంతా నార్మల్." ఈ వాక్యం మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. అందులో అబద్ధం లేకపోవటమే దానితో వచ్చిన చిక్కు. స్కానింగులో నిజంగానే ఏమీ లేదు. అయితే డాక్టరు గది దాటేసరికి అది "ఒంట్లో ఏమీ లేదు" అవుతుంది, ఇంటికి చేరేసరికి "నొప్పే లేదు" అవుతుంది, అత్తగారి నోట పడితే "అన్నీ వేషాలు" అయి కూర్చుంటుంది. ఒక యంత్రం తనకు కనబడనిదాన్ని గురించి చెప్పిన మాట, ఒక మనిషి మీద తీర్పుగా మారిపోయే క్రమం ఇది.

ఎండోమెట్రియోసిస్ సంగతే తీసుకోండి. గర్భాశయపు లోపలిపొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల, అండాశయాల మీదా పేగుల మీదా ఉదరకుహరపు పొర మీదా పెరగటం. పిల్లల్ని కనే వయసులోని స్త్రీలలో సుమారు 10 శాతానికి, అంటే లోకం మొత్తమ్మీద 19 కోట్లమందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అండాశయంలో పాతనెత్తురు నిండిన చాక్లెట్ సిస్టుగా ఉంటే అల్ట్రాసౌండ్ చక్కగా పట్టుకుంటుంది. లోతుగా నాటుకున్న గడ్డల్ని కూడా, వాటికోసం వెతకటం తెలిసిన చెయ్యి అయితే, పట్టుకుంటుంది. కానీ పొర మీద పలచగా, చుక్కలు చుక్కలుగా, కొద్ది మిల్లీమీటర్ల మేర పరుచుకున్న రకం ఉంది చూశారూ, దానికి శబ్దతరంగం గుర్తుపట్టేంత మందమే ఉండదు. ఎమ్మారై కూడా దాన్ని నమ్మకంగా చూపించలేదు. మరో సంగతి, వ్యాధి ఎంతమేర పరుచుకుందన్నదానికీ నొప్పి ఎంత అన్నదానికీ లంకె లేదు. నాలుగు చుక్కలున్న మనిషి నేలమీద పడి దొర్లవచ్చు. చిత్రంలో పెద్దది కనబడితేనే పెద్ద నొప్పి అనే లెక్క ఇక్కడ చెల్లదు.

ఇక మన దేశపు ప్రత్యేకత ఒకటి. పెళ్ళికాని పిల్లకు యోని మార్గం గుండా చేసే స్కాను సాధారణంగా చెయ్యరు. పొట్టమీద జెల్ రాసి పైపైన చూసి పంపుతారు. ఆ పిల్ల ఇష్టాన్ని మన్నించి చెయ్యకపోతే అది మర్యాదే, నాకు పేచీ లేదు. నా పేచీ రిపోర్టుతో. పొట్టమీది నుంచి చూసినప్పుడు లోతట్టు గడ్డలు దొరికే అవకాశం బాగా తక్కువ. ఆ పరిమితిని గురించి ఒక్క ముక్కయినా రాయకుండా "గర్భాశయం, అండాశయాలు నార్మల్" అని సంతకం పెట్టటం ఏ రకం నిజాయితీ?

మా చిన్నక్క కూతురికి పదహారో ఏట మొదలైంది నొప్పి. ఆరేళ్ళలో నాలుగు స్కానులు, నాలుగూ నార్మల్. నాలుగోసారి డాక్టరుగారు మా అక్కతో "పెళ్ళి చేసెయ్యండి, అదే సర్దుకుంటుంది" అన్నారట! చివరికి మరొకరు లాపరోస్కోపీ చేసి చూస్తే, గర్భాశయం వెనకంతా ఆ చుక్కలే.

దీనికి తిరగేసిన అన్యాయం మరొకటి ఉంది, అది కనబడినదాన్ని పట్టుకుని చేసేది. "బల్కీ యుటెరస్" అనేది కేవలం పరిమాణాన్ని చెప్పే మాట. మన ఊళ్ళలో అది "గర్భసంచి వాచింది" అవుతుంది, తరవాత "తీయించెయ్యి" అవుతుంది. ఏ బాధా పెట్టని చిన్న ఫైబ్రాయిడ్లు నడివయసు ఆడవాళ్ళలో కోకొల్లలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం పైచిలుకు, తెలంగాణలో దాదాపు 8, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9. ఈ కోతలన్నిటికీ స్కానింగే కారణమని అనను. కాసుల లెక్కలు వేరే ఉన్నాయి. కానీ భయపెట్టటానికి చేతిలో ఒక బొమ్మ ఉండటం ఎంత సదుపాయమో ఆలోచించండి. అలాగే "నీటి బుడగలు". అవి బుడగలూ కావు, గడ్డలూ కావు, ఎదగకుండా ఆగిన అండపుటికలు. కౌమారంలోని పిల్లలకు స్కాను చూసి పీసీఓఎస్ తేల్చవద్దని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి, ఆ వయసులో అండాశయాలు మామూలుగానే అలా కనబడవచ్చు కనుక. మన దగ్గర మాత్రం పదిహేనేళ్ళ పిల్ల చేతిలో ఆ ఫిల్ము పెట్టి, పిల్లలు పుట్టరేమోనన్న బెంగ కూడా కలిపి పంపిస్తున్నారు.

యంత్రాన్ని తిట్టటం నా ఉద్దేశం కాదు. ట్యూబులో నిలిచిన గర్భాన్ని వేళకు కనిపెట్టి అది ఎందరి ప్రాణాలు నిలబెట్టిందో తెలియనివాణ్ణి కాను. నా తగవు దాని వెనక దాక్కునేవాళ్ళతో. చిత్రాలు నార్మల్‌గా ఉన్నంతమాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదనరాదని ఐరోపా వైద్యసంఘం 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. లక్షణాలను బట్టి అనుమానించి, కోత లేకుండానే హార్మోను మందులతో వైద్యం మొదలుపెట్టవచ్చనీ ఉంది. అంటే ముందు ఆ పిల్లను కూర్చోబెట్టి అడగాలి. నొప్పి ఎన్నాళ్ళుగా? నెలలో ఏ రోజుల్లో? విరేచనానికి వెళ్ళినప్పుడు ఉంటుందా? బడి ఎన్ని రోజులు మానేశావు? ఈ ప్రశ్నలకు పది నిమిషాలు పడుతుంది, బిల్లు రాయటానికి ఏమీ ఉండదు.

రిపోర్టు కింద ఒక్క వాక్యం చేర్చమని నా డిమాండు: "ఇది పొట్టమీది నుంచి మాత్రమే చేసిన పరీక్ష. ఇందులో ఏమీ కనబడనంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదని చెప్పలేము." తెలుగులో రాయండి, ఆ పిల్లకూ వాళ్ళమ్మకూ అర్థమయ్యేట్టు. వీలైతే అత్తగారికి కూడా.